హామ్ రేడియో పత్రికలు – పిల్లలకు చెప్పవలసిన రెండో మాట



మీ ఇంట్లో పది పన్నెండేళ్ల పిల్లవాడు పాత రేడియో మూత విప్పి లోపలికి తొంగి చూశాడనుకోండి. మీరేమంటారు? "ఒరే, షాకు కొడుతుంది, దాని జోలికి పోకు" అని కేకలేస్తారు. అందులో తప్పేమీ లేదు. ప్లగ్గు తీయకుండా మూత విప్పితే ఎవరైనా అరవవలసిందే. కాని ఆ కేక వేసిన తర్వాత చెప్పవలసిన రెండో మాట ఒకటుంది. "ప్లగ్గు తీసి రా, లోపల ఏముందో చూద్దాం" అన్నదే ఆ మాట. దానిని చెప్పేవాళ్లు తగ్గిపోతున్నారు. ఈనాటి నా ప్రసంగం దాని గురించే.

ఒకప్పుడు ఆ రెండో మాట చెప్పే పనిని కొన్ని పత్రికలు చేసేవి. అవి అమెచ్యూర్ రేడియో పత్రికలు. అమెచ్యూర్ రేడియోనే వాడుకలో హామ్ రేడియో అంటాం. తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. ఇప్పుడు మీరు వింటున్న రేడియోలో మాట ఒకవైపు నుంచే వస్తుంది. నేను మాట్లాడతాను, మీరు వింటారు. హామ్ రేడియోలో విన్నవారు తిరిగి మాట్లాడవచ్చు. ప్రభుత్వం పెట్టే పరీక్ష పాసై, లైసెన్సు తీసుకుని, ఇంట్లోనే ఒక చిన్న వైర్‌లెస్ స్టేషను పెట్టుకోవచ్చు. పక్క జిల్లాలో ఉన్నవారితోనూ, సముద్రాల అవతల ఉన్నవారితోనూ మాట్లాడవచ్చు. ఇది సంపాదన కోసం కాదు. నేర్చుకోవడానికి, స్నేహానికి, ఆపదలో సాయపడటానికి. వ్యాపారం మాటలు, సినిమా పాటలు అక్కడ పనికిరావు.

ఈ అభిరుచికి ప్రాణం పోసినవి పత్రికలే. అమెరికాలోని హామ్‌ల సంఘం 1915 డిసెంబరులో క్యూఎస్‌టీ అనే పత్రికను మొదలుపెట్టింది. ఇంగ్లండులో ప్రాక్టికల్ వైర్‌లెస్ 1932లో, షార్ట్ వేవ్ మ్యాగజైన్ 1937లో వచ్చాయి. అమెరికాలోనే 1945లో సీక్యూ, 1960లో సెవెంటీ త్రీ, 1968లో హామ్ రేడియో అనే పత్రికలు వెలువడ్డాయి. మన దేశంలో ఢిల్లీ నుంచి 1969లో ప్రారంభమైన ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ కేవలం హామ్‌లది కాకపోయినా, టంకం పెట్టడం నేర్చుకున్న కుర్రవాళ్లు ఎందరికో అది గురువు.

ఆ పత్రికలలో ఏముండేవి? నెలకొక సర్క్యూటు, దానికి కావలసిన విడిభాగాల జాబితా. ఏ సమయంలో ఏ దేశపు స్టేషను వినిపించే అవకాశముందో చెప్పే అంచనాలు. పోటీల ఫలితాలు, పాఠకుల ఉత్తరాలు. అన్నిటికన్నా ముఖ్యంగా కొత్తగా వచ్చినవారి కోసం కొన్ని పేజీలు. తీగ ఎలా చుట్టాలి, ఏరియల్ ఎంత పొడవుండాలి, మోర్స్ చుక్కలూ గీతలూ చెవికి ఎలా పట్టించుకోవాలి అన్నవి అందులో ఓపికగా చెప్పేవారు. పట్నానికి దూరంగా ఒంటరిగా కూర్చున్న కుర్రవాడికి, నీవంటివాళ్లు ప్రపంచంలో ఇంకా ఉన్నారని ఆ పేజీలు నెలనెలా గుర్తుచేసేవి.

ఇప్పుడు వాటి సంగతి చూడండి. హామ్ రేడియో అనే పత్రిక 1990లో ఆగిపోయింది. సెవెంటీ త్రీ 2003 సెప్టెంబరుతో ముగిసింది. షార్ట్ వేవ్ మ్యాగజైన్ 2005లో మూతపడింది. సీక్యూ 2023లో నిలిచిపోయింది. హామ్‌ల పరిభాషలో సీక్యూ అంటే, నన్ను వింటున్నవారు ఎవరైనా సరే, జవాబివ్వండి అని అర్థం. అందరినీ పిలిచే మాటను పేరుగా పెట్టుకున్న పత్రిక 78 ఏళ్ల తర్వాత పిలవడం మానుకుంది. క్యూఎస్‌టీ, ప్రాక్టికల్ వైర్‌లెస్ నిలిచే ఉన్నాయి. అయితే క్యూఎస్‌టీ కాగితం ప్రతి ఇంటికి రావాలంటే 2024 నుంచి సభ్యులు విడిగా సొమ్ము కట్టవలసి వస్తోంది.

కారణాలు ఊహించడం కష్టం కాదు. కాగితం ధర, తపాలా ఖర్చు పెరిగాయి. ప్రకటనలు తగ్గాయి. విడిభాగాలన్నీ ఒక పెట్టెలో పెట్టి, ఇంటిదగ్గర బిగించుకోండి అని అమ్మిన హీత్‌కిట్ వంటి పెద్ద కంపెనీయే 1992లో ఆ వ్యాపారం మానుకుంది. ఇంటర్నెట్ వచ్చాక, నెల తర్వాత అచ్చులో చదవవలసిన కబురు ఆ క్షణంలోనే తెలిసిపోతోంది. మరో విచిత్రం కూడా ఉంది. సెవెంటీ త్రీ పత్రికను స్థాపించిన వేన్ గ్రీన్ గారే 1975లో బైట్ అనే కంప్యూటర్ పత్రికను ప్రారంభించారు. రేడియో బిగించవలసిన కుర్రచేతులు ఎటు వెళుతున్నాయో ఆయన ముందే గమనించారన్నమాట.

ఇవన్నీ నిజమే. కాని ఇంకొక కారణం కూడా ఉందని నా అభిప్రాయం. చివరి ఏళ్లలో ఆ పత్రికలు చాలావరకు అప్పటికే హామ్‌లైనవారి కోసమే రాయసాగాయి. ఖరీదైన యంత్రాల సమీక్షలు ముందుకు వచ్చాయి. మూత విప్పి చూసే పిల్లవాడి పేజీ వెనక్కి వెళ్లింది. పాఠకులు పత్రికతోపాటే పెద్దవాళ్లయ్యారు, వారి వెనుక కొత్తవారు చేరలేదు. ఏ ఇంట్లోనైనా పిల్లలతో మాట్లాడటం మానేస్తే జరిగేది ఇదే కదా!

ఇక్కడ నా స్వానుభవం ఒకటి చెప్పాలి. మాది హోసూరు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం. మా వీధి చివర తపాలా తంతి శాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరుండేవారు. మేమందరం తాతా అని పిలిచేవాళ్లం. ఆయన ఇంటి మిద్దె నుంచి కొబ్బరిచెట్టుకు ఒక తీగ ఉండేది. బట్టలు ఆరవేసేందుకు అంత ఎత్తున తీగ ఎందుకా అని నాకు అనుమానం. ఒకరోజు అడిగేశాను. ఆయన నవ్వి లోపలికి పిలిచి, బెంగళూరు అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల కొట్టులో కొన్న ఒక అమెరికన్ పత్రికను నా చేతిలో పెట్టారు. అప్పటికి నాకు పన్నెండేళ్లు. వారం రోజులు ఆ పత్రికను తిరగేశాను. బొమ్మలు చూశాను. ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఏమప్పా, చదివినావా?" అని అడిగారు తాత.

"చదివినా తాతా. ఏమీ తెలీలేదు."

"తెలీకుంటే పోనీలే. మొదట తీగె చుట్టుదాం రా."

ఒక అట్ట గొట్టం మీద ఎనామెల్ రాగితీగ చుట్టాం. ఓఏ 79 అనే డయోడు, ఒక గ్యాంగ్ కండెన్సరు, పాత హెడ్‌ఫోను తగిలించాం. ఏరియల్ తీగ కొబ్బరిచెట్టుకు, ఎర్తు తీగ కుళాయి గొట్టానికి. బ్యాటరీ లేదు, కరెంటు లేదు. కండెన్సరు తిప్పుతూ ఉంటే ఒకచోట సన్నగా, దోమ పాడినట్లు బెంగళూరు కేంద్రం వినిపించింది. శ్రోతలారా, ఆ తర్వాత నేను ఎన్నో ఖరీదైన యంత్రాలు చూశాను. ఆ రోజు కలిగిన ఆశ్చర్యం మళ్లీ కలగలేదు. ఆ తర్వాత నుంచి తాత ప్రతి ఆదివారం పత్రికలో ఒక పేజీ చదివి, నాకు తెలుగులో చెప్పేవారు. పేజీ అయిపోయాక చెయ్యి పని మొదలయ్యేది.

కొన్నాళ్లకు పత్రికలోని జాబితా రాసుకుని బెంగళూరు ఎస్.పి. రోడ్డుకు వెళ్లాను. కొట్టాయన చీటీ చూసి, ఇందులో సగం దొరకవు బాబూ అని తిరిగి ఇచ్చేశాడు. ఏడుపు ముఖంతో వచ్చాను. తాత ఆ సర్క్యూటును కొట్టులో దొరికే సామానుకు తగ్గట్టు మార్చి రాసిచ్చారు. అది పనిచేసింది. పత్రికలో లేని పాఠం అదే. పత్రిక అమెరికా కుర్రవాడి కోసం రాసింది. దాన్ని హోసూరు కుర్రవాడి కోసం మార్చడానికి ఒక మనిషి కావలసి వచ్చాడు.

హామ్‌లలో ఇటువంటి మనిషికి ఒక పేరుంది. ఎల్మర్ అంటారు. కొత్తవారిని చెయ్యి పట్టుకుని నడిపించే పెద్దమనిషి అని అర్థం. ఎల్మర్ అనే పేరుగల ఒక అమెరికన్ హామ్ ఎందరికో ఇలా నేర్పించారని 1971లో క్యూఎస్‌టీ పత్రికలో ఒక శీర్షిక రాసినాయన మెచ్చుకున్నారు. అప్పటి నుంచి అది అందరికీ వర్తించే మాటయింది. చూడండి, పత్రికే ఆ మనిషిని గుర్తించి పేరు పెట్టింది. ఇప్పుడు పత్రిక బలహీనపడింది. అటువంటప్పుడు ఆ మనిషి బాధ్యత ఇంకా పెరగాలి. మనకేమో ఇద్దరూ ఒకేసారి కనుమరుగవుతున్నారు. అసలు ప్రమాదం అక్కడుంది.

ఇంటర్నెట్‌లో అన్నీ దొరుకుతున్నాయి కదా అని మీరు అడగవచ్చు. దొరుకుతున్నాయి. సెవెంటీ త్రీ పాత సంచికలు కూడా అక్కడ ఉచితంగా చదువుకోవచ్చు. కాని వందల సర్క్యూట్లు ఒకేసారి ముందుకు వచ్చినప్పుడు ఏది మొదట చేయాలో పిల్లవాడికి తెలియదు. చేసింది పనిచేయకపోతే ఎక్కడ తప్పిందో చూసేవారు లేరు. రెండుసార్లు విఫలమైతే పక్కన పెట్టేస్తాడు. సమాచారం తక్కువై ఈ అభిరుచి తగ్గలేదు. పక్కన కూర్చునేవారు లేక తగ్గుతోంది.

మన సరిహద్దు జిల్లాల తెలుగువారికి ఈ విషయంలో ఒక ఇబ్బంది ఉంది, ఒక సౌలభ్యమూ ఉంది. ముందు ఇబ్బంది చెబుతాను. హోసూరు, కోలారు, బళ్లారి, రాయగడ, బరంపురం, షోలాపూరు, సిరోంచ, ఎక్కడ చూసినా మన పిల్లలలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో మరో భాష చదువుతారు. తెలుగు అక్షరాలు రానివారు చాలామంది. కనుక రేపు ఎవరైనా తెలుగులో హామ్ పత్రిక తెచ్చినా వారికి అందదు. ఇంగ్లీషు పుస్తకం చిన్న వయసులో కొరుకుడు పడదు. ఇక సౌలభ్యం ఏమిటంటే, రేడియో చెవికి సంబంధించిన విద్య. చదవలేని పిల్లవాడు వినగలడు. మా తాత నాకు నేర్పింది నోటిమాటతోనే. పైగా రేడియో తరంగానికి రాష్ట్రాల సరిహద్దులు లేవు. 40 మీటర్ల బ్యాండు, అంటే 7 మెగాహెర్ట్జ్ దగ్గర, పగటిపూట కొన్ని వందల కిలోమీటర్ల దూరం మాట సులభంగా వెళుతుంది. రహస్య సంకేతాలు వాడకూడదన్న నియమం ఉంది గాని, మామూలు భాషలో మాట్లాడుకోవడానికి అడ్డు లేదు. ఆ బ్యాండులో తమిళం, మలయాళం వినిపిస్తుంటాయి. తెలుగు ఎందుకు మరింతగా వినిపించకూడదు?

ఇది కేవలం కాలక్షేపం అనుకోకండి. 1993 సెప్టెంబరు 30న లాతూరు ప్రాంతంలో భూకంపం వచ్చింది. 1999 అక్టోబరు 29న ఒడిశాను పెనుతుఫాను ముంచెత్తింది. టెలిఫోను స్తంభాలు కూలిపోయిన చోట్ల హామ్‌లు కబుర్లు అందించారు. 2004 డిసెంబరులో మన హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం అండమాన్ దీవులలో ప్రపంచ హామ్‌లతో మాట్లాడేందుకు స్టేషను పెట్టుకుంది. దానికి నాయకత్వం వహించినవారు భారతీ ప్రసాద్ గారు. డిసెంబరు 26న సునామీ వచ్చింది. సరదా కోసం తీసుకువెళ్లిన ఆ యంత్రాలే దీవులలోని వారి క్షేమ సమాచారాన్ని బయటి ప్రపంచానికి చేరవేశాయి. ఆడపిల్లకు ఇవన్నీ ఎందుకు అనేవారు ఈ సంఘటనను గుర్తుంచుకోవాలి.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, అదే తేదీన హుద్‌హుద్ విశాఖపట్నం మీద విరుచుకుపడింది. చేతిలో సెల్‌ఫోను ఉండి కూడా పక్క వీధిలోని కూతురు క్షేమమో కాదో తెలియని పరిస్థితి విశాఖవాసులకు ఎదురైంది. గంజాం వారికి, యానాం వారికి తుఫాను గురించి నేను చెప్పవలసిన పని లేదు. ఒక బ్యాటరీ, ఒక తీగ, వాటిని వాడటం తెలిసిన ఒక మనిషి. ఊరికి ఇటువంటి మనిషి ఒక్కరున్నా ఎంతో మేలు. అయితే తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున హామ్‌ను తయారుచేయలేం. పదేళ్ల ముందే ఎవరో ఒక పిల్లవాడి పక్కన కూర్చుని ఉండాలి.

మరి ఇప్పుడు చేయవలసింది ఏమిటి? నాకు తోచిన నాలుగు మాటలు చెబుతాను.

మొదటిది, వినిపించడం. మామూలు షార్ట్‌వేవ్ రేడియోలో హామ్‌ల మాట చాలావరకు బాతు అరిచినట్లు వినిపిస్తుంది, ఎందుకంటే వారు వాడే పద్ధతి వేరు. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయం ఇంటర్నెట్ ద్వారా వినగలిగే ఒక రిసీవరు నడుపుతోంది. సెల్‌ఫోనులోనే దాన్ని తిప్పి ఐరోపా హామ్‌లను వినవచ్చు. పిల్లవాడి చేతిలోని సెల్‌ఫోనును తిట్టడం కన్నా, దానితోనే ఈ తలుపు తెరవడం మేలు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి అప్పుడప్పుడు 145.8 మెగాహెర్ట్జ్ మీద బొమ్మలు పంపుతుంటారు. ఊరి మీదుగా వెళుతున్న ఆ కేంద్రం నుంచి వచ్చిన కూతను కంప్యూటరు బొమ్మగా మార్చి చూపిస్తే, ఏ పిల్లవాడు కదలకుండా కూర్చుంటాడు? మన శ్రీహరికోట నుంచి 2005 మే 5న హామ్‌ల కోసం హామ్‌శాట్ అనే చిన్న ఉపగ్రహాన్ని పంపారు. అది 2014 వరకు పనిచేసింది. తమిళనాడు సరిహద్దుకు అంత దగ్గరలో జరిగిన ఈ విషయం మన పిల్లలలో ఎందరికి తెలుసు?

రెండోది, చేతికి పని చెప్పడం. పిల్లలకు లక్ష రూపాయల యంత్రం చూపిస్తే దణ్ణం పెట్టి వెళ్లిపోతారు. హైదరాబాదుకు చెందిన అష్హర్ ఫర్హాన్ గారు బిట్‌ఎక్స్ అనే ట్రాన్సీవరును రూపొందించారు. ట్రాన్సీవరు అంటే వినడానికి, మాట్లాడటానికి రెండిటికీ పనికివచ్చే యంత్రం. మన బజారులో దొరికే చవక సామానుతోనే దాన్ని చేయవచ్చు. దొరకని విదేశీ వలయాలకు బదులు కుళాయిలో వేసే వాషరు మీద తీగ చుట్టారు. ఆ నమూనా ప్రపంచమంతటా హామ్‌లు చేసుకున్నారు. మా తాత హోసూరులో చేసిన పనినే ఆయన ప్రపంచానికి చేసి చూపించారు. బెంగళూరు ఎస్.పి. రోడ్డు, చెన్నై రిచీ స్ట్రీట్, ముంబై లామింగ్టన్ రోడ్డు, హైదరాబాదు కోఠీ, వీటిలో ఏదో ఒకటి మనకు ఒక రాత్రి ప్రయాణంలో ఉంటుంది. మొదట డయోడు రేడియో, తర్వాత మోర్స్ కూత పెట్టే చిన్న ఆసిలేటరు, ఆ తర్వాత పెద్దవి.

మూడోది, లైసెన్సు. వినడం వేరు, ప్రసారం చేయడం వేరు. లైసెన్సు లేకుండా ప్రసారం చేయడం నేరమని పిల్లలకు మొదటిరోజే చెప్పాలి. పన్నెండేళ్లు నిండినవారు పరీక్షకు కూర్చోవచ్చు. మొదటి మెట్టయిన రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ అవసరం లేదు. రేడియో సిద్ధాంతం ఒక భాగం, నియమ నిబంధనలు మరొక భాగం. ఆనాడు నేను మోర్స్‌లో ఒకసారి తప్పి, మళ్లీ రాసి పాసయ్యాను. ఈనాటి పిల్లలకు ఆ భయం లేదు. చదవవలసిన పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి కనుక పక్కన కూర్చుని తెలుగులో విడమరిచి చెప్పేవారు కావాలి.

నాలుగో మాట నాతోటి పాత హామ్‌లకు. అన్నలారా, అక్కలారా, మనం రోజూ పొద్దున్నే బ్యాండు మీదకు వచ్చి ఏరియల్ గురించి, మోకాళ్ల నొప్పి గురించి మాట్లాడుకుంటాం. వినే కుర్రవాడికి అందులో ఏముంది? వారానికి ఒకరోజు, ఒక గంట, కొత్తవారి కోసం తెలుగులో మాట్లాడదాం. నెలకొక ఆదివారం దగ్గరలోని బడికి వెళదాం. అనుమతి తీసుకుని, మైదానంలో తీగ కట్టి, పిల్లల ఎదుట ఒక స్టేషను పిలుద్దాం. మన దగ్గరున్న పాత పత్రికలను చిత్తుకాగితాల వాడికి వేసే ముందు, అందులో పనికివచ్చే ఒక్క సర్క్యూటు తీసి, దాన్ని మన మాటలలో చెప్పి రికార్డు చేసి ఉంచుదాం. అక్షరాలు రాని మన పిల్లలకు అదే పత్రిక.

తల్లిదండ్రులకు కూడా ఒక విన్నపం. ఈ సరదా వల్ల మీ పిల్లవాడు తప్పకుండా ఇంజనీరవుతాడని నేను చెప్పను. పోయిన వస్తువును పారేయకుండా విప్పి చూడటం, పనిచేయకపోతే ఎందుకని ఆలోచించడం, కనిపించని మనిషితో మర్యాదగా మాట్లాడటం మాత్రం నేర్చుకుంటాడు. అవి ఏ ఉద్యోగానికైనా పనికివస్తాయి.

మా తాత ఇప్పుడు లేరు. హామ్ కాలం చేస్తే సైలెంట్ కీ అంటారు. అంటే మోగడం మానిన మోర్స్ మీట అని అర్థం. ఆయన జీవితమంతా పనిచేసిన తంతి సేవ కూడా 2013 జులైలో ఆగిపోయింది. ఆయన నాకిచ్చిన పత్రిక ఇంకా నా దగ్గరుంది. పేజీలు పసుపుపచ్చగా మారి, అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. అది ఎన్నాళ్లుంటుందో చెప్పలేను. "మొదట తీగె చుట్టుదాం రా" అన్న మాట మాత్రం నేను ఇప్పటికి కొందరు పిల్లలకు చెప్పాను. వాళ్లలో ఒక అమ్మాయి ఈ మధ్యనే లైసెన్సు తీసుకుంది.

ఈసారి మీ ఇంట్లో పిల్లవాడు పాత రేడియో మూత విప్పితే, ముందు ప్లగ్గు తీయించండి. ఆ తర్వాత పక్కన కూర్చోండి. మీకు తెలియకపోతే తెలిసినవారి దగ్గరకు తీసుకువెళ్లండి.

హామ్‌లు సెలవు తీసుకునేటప్పుడు మోర్స్‌లో డెబ్బయ్ మూడు అనే అంకె పంపుతారు. మీకు నా శుభాకాంక్షలు అని దాని అర్థం. ఆ పత్రిక పేరు కూడా అదే. శ్రోతలందరికీ డెబ్బయ్ మూడు. నమస్కారం.